విరాళాల కోసం స్నేహితులతో దూరం సైకిల్ రైడ్: రూట్ కంటే ముందు మొహమాటం సంగతి చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: ఐదుగురు స్నేహితులు, నాలుగు రోజులు, దాదాపు 400 కిలోమీటర్లు, ఒక సేవా సంస్థ కోసం విరాళాలు, చేతిలో మూడు నెలల టైము, ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కావట్లేదు. మేం ఆరుగురం కలిసి ఐదు రోజుల్లో 480 కిలోమీటర్లు తొక్కాం, మాలో ఎవరూ అంతకుముందు సీరియస్‌గా సైకిల్ తొక్కినవాళ్లు కాదు, కాబట్టి మా తప్పులు మీకు పనికొస్తాయనే అనుకుంటున్నా.

ముందు మ్యాప్ తెరవకండి. అందరూ చేసేది అదే, మేమూ చేశాం. మ్యాప్ మీద గీత గీసుకుంటూ ఉంటే భలే సరదాగా ఉంటుంది, దాంతోనే నెల రోజులు గడిచిపోయాయి. డబ్బు ఎవరి అకౌంట్‌లో పడాలి, మధ్యలో ఒకడు ఆగిపోతే ఏంటి, అందరిలోకీ స్లోగా తొక్కేవాడి కోసం ఎంతసేపు ఆగాలి, ఈ మాటలు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఎవడు ఫీలవుతాడో అని. రైడ్‌లో మమ్మల్ని ఏడిపించింది ఎత్తులూ ఎండా కాదు, ఈ మొహమాటమే. కొత్తవాళ్లతో వెళ్లి ఉంటే మొదటి రోజే అన్నీ అడిగి తేల్చుకునేవాళ్లం.

డబ్బు సంగతి మొదటి మీటింగ్‌లోనే తేల్చేయండి. సంస్థను ఎంచుకోగానే వాళ్లతో మాట్లాడి, వాళ్ల పేరూ లోగో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి, ఈమెయిల్ అయినా చాలు. ఇచ్చేవాళ్లు నేరుగా సంస్థ అకౌంట్‌కో, వాళ్ల డొనేషన్ పేజీకో పంపేలా చూడండి. మాలో ఒకడు 'ముందు నా అకౌంట్‌లో వేయించుకుందాం, తర్వాత ఒకేసారి పంపిద్దాం' అన్నాడు, మంచివాడే, ఎవరూ కాదనలేకపోయారు. చివరికి ఏది విరాళమో, ఏది మేం రూములకీ మా వెనక వచ్చే వ్యాన్‌కీ పంచుకుని వేసిన డబ్బో విడదీయడానికి వాడు రెండు రాత్రులు స్క్రీన్‌షాట్లు ముందేసుకుని కూర్చున్నాడు. పైసా తేడా రాలేదు కానీ, ఆ రెండు రాత్రులూ వాడు పడ్డ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. పైగా పన్ను మినహాయింపు కావాలనుకునేవాళ్లకు రసీదు సంస్థే ఇవ్వాలి, మీ ఫ్రెండ్ ఇస్తే చెల్లదు.

రైడ్ ఖర్చులు మీవి మీరే పెట్టుకోండి, ఆ మాట అందరికీ ముందే చెప్పండి. 'మీరు ఇచ్చేదంతా సంస్థకే వెళ్తుంది, మా తిండీ బసా మా జేబులోంచే' అని ఒక్క వాక్యం రాశాక మాకు వచ్చే స్పందన కళ్లముందే మారింది. పెద్ద రైడ్‌లూ ఇదే దారిలో ఉన్నాయి. అమెరికాలో పాన్-మాస్ ఛాలెంజ్ అని ఒకటుంది. 1980లో బిల్లీ స్టార్ అనే ఆయన 36 మందితో మొదలుపెట్టారు. ఇప్పుడు వేలమంది తొక్కుతున్నారు. రైడర్లు సేకరించిన సొమ్ము మొత్తం డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిపోతుంది, నడిపే ఖర్చులకు రిజిస్ట్రేషన్ ఫీజులూ స్పాన్సర్లూ వేరే ఉంటారు. అంత పెద్దదానికే ఆ గీత కావాల్సొస్తే ఐదుగురికి ఇంకెంత అవసరమో చూడండి.

అడగడం గురించి ఒక మాట. గ్రూపుల్లో పోస్టు పెట్టి ఊరుకుంటే లైకులు వస్తాయి, డబ్బు రాదు. 'తప్పకుండా ఇస్తాలే' అన్నవాళ్లలో సగం మంది మర్చిపోతారు, అది వాళ్ల తప్పేం కాదు, లింక్ ఎక్కడో కిందికి వెళ్లిపోతుంది. ఒక్కొక్కరికీ పేరు పెట్టి విడిగా మెసేజ్ రాయండి. అంతకంటే ముందు మీ ఐదుగురూ మీ వాటా వేసేయండి, సున్నా చూపించే పేజీలో మొదట ఎవరూ వేయరు. మాకైతే చాలా మటుకు రైడ్ జరుగుతున్న రోజుల్లో, అయిపోయిన వారంలో వచ్చింది, కాబట్టి వెళ్లేముందు అంకె చూసి నీరసపడకండి, వచ్చిన వెంటనే పేజీ మూసేయకండి.

ఇక దూరం. 400ని నాలుగుతో భాగించి రోజుకు వంద అనుకుంటే లెక్క బాగానే ఉంటుంది, రోడ్డు మీద అలా ఉండదు. గంటకు 20 కిలోమీటర్ల స్పీడుతో వంద అంటే సైకిల్ మీద ఐదు గంటలు. ఐదుగురు ఆగితే మాత్రం 'ఐదు నిమిషాలే' అన్న ప్రతి బ్రేకూ ఇరవై నిమిషాలు అవుతుంది, ఒకడికి నీళ్లు, ఒకడికి బాత్రూం, ఒకడికి ఫొటో. పొద్దున బయల్దేరితే ఏడెనిమిది గంటలు వేసుకోండి. కిలోమీటర్లతో పాటు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాలో కూడా చూడండి, చదునుగా ఉన్న వందకీ 1,500 మీటర్లు ఎక్కించే వందకీ పోలికే లేదు. నేనైతే 90, 120, 110, 80 అని విడగొడతాను. మొదటి రోజు ఎలాగూ ఆలస్యంగా బయల్దేరతారు, చివరి రోజు మీ కోసం జనం ఎదురుచూస్తుంటారు, అక్కడ మూడు గంటలు లేటుగా వెళ్తే బాగోదు.

స్పీడు గురించి ఒక్కటే రూలు: అందరికంటే స్లోగా తొక్కేవాడు ఎంత స్పీడుతో మాట్లాడుతూ తొక్కగలడో అదే గ్రూపు స్పీడు. ఎదురుగాలి ఉంటే వాణ్ని వెనక పెట్టండి. ముందువాడి చక్రం వెనకే తొక్కితే దాదాపు పావు వంతు శ్రమ తగ్గుతుంది. బలంగా ఉన్న ఇద్దరు ముగ్గురు పది నిమిషాలకోసారి ముందుకు మారుతూ ఉంటే సరి. కాకపోతే వెనకవాడి ముందు చక్రం ముందువాడి వెనక చక్రం పక్కకు రాకూడదు, రెండూ తగిలితే పడేది వెనకవాడే. గుంత వస్తే చెయ్యి చూపించి గట్టిగా అరవండి. ఇవన్నీ ప్రాక్టీసులోనే అలవాటు కావాలి.

మూడు నెలలు సరిపోతాయా అంటే, ఇప్పుడు 40 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా తొక్కగలిగితే సరిపోతాయి. వారం మొత్తం తొక్కే దూరాన్ని వారానికి పది శాతం చొప్పున పెంచుకుంటూ, ప్రతి నాలుగో వారం కాస్త తగ్గిస్తూ వెళ్లండి. ఒక్కరోజులో మీ పెద్ద రైడ్ 90 దాకా వస్తే చాలు, ప్రాక్టీసులో 120 తొక్కాల్సిన పనిలేదు. కానీ వరసగా రెండు రోజులు 70, 70 కనీసం రెండుసార్లయినా చేయండి. అసలు పరీక్ష మొదటి రోజు కాదు, నొప్పులతో లేచి మళ్లీ సీటు మీద కూర్చోవాల్సిన రెండో రోజు పొద్దున. చివరి వారం పదిరోజులు తగ్గించేయండి, అప్పుడు ఎక్కువ తొక్కినా కొత్తగా బలం ఏం రాదు, అలసటే మిగులుతుంది.

పంక్చర్ల దగ్గరికి వద్దాం, ఇక్కడ మాకు జరిగింది కాస్త వివరంగా చెప్తా. రెండో రోజు వానలో నా వెనక చక్రం గాలి పోయింది. ట్యూబ్ మార్చి, గాలి కొట్టి, గర్వంగా బయల్దేరా. రెండు కిలోమీటర్లు కూడా వెళ్లలేదు, మళ్లీ పోయింది. అప్పుడు ఒకడు టైరు విప్పి లోపలి వైపంతా వేలితో మెల్లగా తడుముతూ వెళ్తే, వెంట్రుకంత సన్నటి ఇనుప తీగ ముక్క వేలికి గుచ్చుకుంది. లారీ టైర్లు పేలినప్పుడు అలాంటివి రోడ్డు మీద రాలతాయి. అది తీయకుండా వంద ట్యూబులు మార్చినా ఇంతే. సరే, నా ట్యూబ్ అయిపోయింది, పక్కవాడిది ఇచ్చాడు. దాని వాల్వ్ లావుది, ష్రేడర్, నా రిమ్‌కి ఉన్నది సన్నటి ప్రెస్టా వాల్వ్‌కి సరిపోయే రంధ్రం. దూరదు. ఇంక పాచ్ వేయడమే గతి, వానలో ట్యూబ్ ఆరితే కదా గమ్ పట్టేది. ఒకడి రెయిన్‌కోటు కింద నలుగురం తలలు దూర్చి, ఒకడు చొక్కాతో తుడుస్తూ, ఇంకొకడు ఊదుతూ, మొత్తం యాభై నిమిషాలు.

అందుకని ఈ వారమే అందరూ టైరు పక్కన రాసి ఉన్న సైజు, 700×28 అలా ఉంటుంది, దాన్నీ వాల్వ్ రకాన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. తన సైజు ట్యూబులు ఎవరికి వారు రెండేసి పెట్టుకోవాలి. టైరు విప్పే లీవర్లు, పాచ్ కిట్, రెండు రకాల వాల్వ్‌లకూ పనిచేసే పంపు, బోల్టులు బిగించే మల్టీటూల్, గొలుసు తెగితే వేసుకోవడానికి చైన్ క్విక్ లింక్ గ్రూపుకి ఉండాలి. ఇంట్లో కూర్చుని వెనక చక్రం విప్పి బిగించడం ఐదుగురూ ఒక్కసారైనా చేయాలి, ఒక్కడికి వస్తే చాలు అనుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పడం మర్చిపోయేవాణ్ని. విరాళాలు కిలోమీటరుకి ఇంత అని తీసుకోకండి. వినడానికి బాగుంటుంది, కానీ మా పొడుగోడికి ఏమైందో చూడండి. వాడికి ఇస్తామన్నవాళ్లు చాలామంది కిలోమీటరు లెక్కన ఒప్పుకున్నారు. రెండో రోజు మధ్యాహ్నం నుంచి వెనకపడుతున్నాడు. 'ఏంట్రా, ఏమైనా నొప్పా?' అంటే 'ఏం లేదురా, మీరు వెళ్లండి, వస్తా' అన్నాడు. మూడో రోజు 60 దాటాక దిగి రోడ్డు పక్కన కూర్చున్నాడు, మోకాలు వంచలేకపోతున్నాడు. 'నేను ఆగితే సంస్థకి వెళ్లాల్సిన డబ్బు ఆగిపోతుంది కదరా' అన్నాడు. మాకు నోట మాట రాలేదు. సాయంత్రం వాడి సైకిల్ చూస్తే సీటు రెండు వేళ్ల మందం కిందికి దిగిపోయి ఉంది. సీటు కింది గొట్టాన్ని, అంటే సీట్‌పోస్ట్‌ని, పట్టి ఉంచే బోల్టు లూజై కొద్దికొద్దిగా జారింది, కొద్దికొద్దిగా కాబట్టి వాడికి తెలియలేదు. సీటు బాగా కిందికి ఉంటే మోకాలి ముందు భాగం మీద భారం పడుతుంది, మరీ ఎత్తుగా ఉంటే వెనక భాగం నొప్పెడుతుంది. మిగతా రెండు రోజులూ వాడు వ్యాన్‌లో కూర్చుని మాకు నీళ్లందించాడు, నిజం చెప్పాలంటే అప్పటిదాకా వ్యాన్‌ని అంత బాగా నడిపినవాళ్లు లేరు. తర్వాత విరాళమిచ్చేవాళ్లకు జరిగింది చెప్తే అందరూ మొత్తం దూరానికే ఇచ్చారు, ఒక్కరూ తగ్గించలేదు. అంటే వాడు అనవసరంగా నొప్పి భరించాడన్నమాట.

కాబట్టి ఎంత దూరం తొక్కినా ఇంత అని ఒకే మొత్తం మాట తీసుకోండి. సీటు ఎత్తు సరిచేసుకున్నాక సీట్‌పోస్ట్ చుట్టూ రంగు టేపు ఒక చుట్టు వేయండి, జారితే చూడగానే తెలుస్తుంది. ఎత్తు ఎలా చూసుకోవాలంటే, పెడల్ అన్నిటికంటే కింద ఉన్నప్పుడు మడమ ఆనించితే కాలు నిటారుగా ఉండాలి, ఆ తర్వాత మామూలుగా ముందు పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది. ఇంకా, నొప్పి ఉందని చెప్పినవాణ్ని ఎవరూ ఆటపట్టించకూడదని ముందే ఒట్టేసుకోండి. ప్రతి బ్రేకులో ఒకరు అందర్నీ వరసగా అడగాలి, 'బానే ఉన్నా' అంటే వదిలేయకుండా ఎక్కడ నొప్పి అని అడగాలి.

తిండి, నీళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు, ఒక మోస్తరు అరటిపండులో 27 గ్రాముల దాకా ఉంటాయి, లెక్క మీరే వేసుకోండి. ఎండలో గంటల తరబడి ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది, కాస్త ఉప్పు కూడా లోపలికి వెళ్లాలి. కొత్త పదార్థాలు ప్రాక్టీసులో తిని చూడండి, రైడ్ రోజున ప్రయోగాలొద్దు. ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొనుక్కోండి, లోపల ఇంకేమీ వేసుకోకూడదు, ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మూడో రోజు నడకలు చూసి మీరే ఊహించుకోండి. చిటికెన వేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కుతుంటే అరచేతి దగ్గర నరం నొక్కుకుపోతోందని అర్థం, చేతులు పట్టుకునే చోటు మారుస్తూ ఉండండి.

వెనక వ్యాన్ పెట్టుకుంటే దాని డ్రైవర్‌గా 'ఊరికే వస్తా' అన్నవాణ్ని కాకుండా, రోజంతా ఓపికగా ఆగి ఆగి రాగలిగిన మనిషిని చూసుకోండి. ప్రతి ఒక్కరి బ్లడ్ గ్రూపు, ఇంట్లో వాళ్ల నంబరు, వాడే మందులు రాసిన చీటీ ఒక కాపీ వ్యాన్‌లో, ఒకటి ఎవరి జేబులో వాళ్లకి ఉండాలి. చీకటి పడ్డాక తొక్కకూడదు, ఆ రోజు గమ్యం ఇంకా పది కిలోమీటర్లే ఉన్నా సరే, వ్యాన్ ఎక్కేయండి.

ఈ ఆదివారం ఐదుగురూ కలిసి ఒక 40 కిలోమీటర్లు తొక్కి రండి, వచ్చి అక్కడే కూర్చుని డబ్బు, స్పీడు, మధ్యలో ఆగిపోవడం, ఈ మూడూ మాట్లాడి ఒక పేజీ రాసుకోండి. కలిసి ఒక్కసారి కూడా తొక్కకుండానే టీషర్టుల డిజైన్ మొదలుపెట్టకండి. మేం పెట్టాం, పన్నెండు కొట్టించాం, రైడ్‌కి రెండు వారాల ముందు ఒకడు తప్పుకుంటున్నానన్నాడు, నా బీరువాలో ఇంకా నాలుగున్నాయి.