రబ్బరు పడవ కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు పంపిన ఫొటోలు మీ అత్తయ్య ఫోన్లో చూశాను. హాల్లో సోఫా పక్కన నారింజ రంగు పడవ, అందులో పిల్లలిద్దరూ కూర్చుని గచ్చు మీద తెడ్లు వేస్తున్నారు. ముచ్చటగా ఉంది. సంక్రాంతికి తెచ్చి మన గోదావరి పాయ వైనతేయలో తిప్పుతానన్నావట. ఫోన్లోనే చెబుదామనుకున్నాను గానీ, నువ్వు మూడో మాటకే "సరే మామయ్యా, ఉంటా" అంటావు. అందుకని కూర్చుని రాస్తున్నాను. బయల్దేరేలోపు రెండుసార్లు చదువు. మీ ఆవిడకీ చదివి వినిపించు. నీకంటే ఆ అమ్మాయికే ఎక్కువ గుర్తుంటుంది.

ఇరిగేషన్లో లస్కరుగా, అంటే కాలవలూ గట్లూ చూసుకునే ఉద్యోగిగా, చేసినన్నాళ్లూ వరద డ్యూటీలకి నేను ఎక్కని పడవ లేదు. నాటు పడవలు, మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పంట్లు, లాంచీలు, రబ్బరు పడవలు. వాటిలో రబ్బరు పడవ మీద నాకు ఇష్టమూ ఉంది, అనుమానమూ ఉంది. అది అంత తేలిగ్గా మునగదు, నిజమే. కానీ నాటు పడవ నీళ్లలో కూర్చుంటుంది, ఇది నీళ్ల మీద కూర్చుంటుంది. కింద పట్టు లేదు, బరువు లేదు. అందుకే దీనికి నీళ్లకంటే గాలితోనే ఎక్కువ గొడవ. ఒకసారి రేవులో చెప్పు జారిందని దిగి వంగాను. లేచేసరికి పడవ పది గజాల అవతల ఉంది. చూస్తూండగానే ఇరవై గజాలైంది. ఏటిగట్టు మీద నేనూ, నీళ్ల మీద అదీ పరుగు. ఆఖరికి అవతల వల వేసుకుంటున్న అబ్బాయి పట్టుకొచ్చి ఇచ్చి, "బాబుగారూ, తాడు కట్టుకోరా?" అన్నాడు. అప్పటికి నాకు ఇరవయ్యేళ్ల సర్వీసు! కాబట్టి మొదట కట్టేది తాడు. పడవ నీళ్లలో పెట్టకముందే కట్టు, పైకి లాగాకే విప్పు.

గాలి చూడటానికి యాప్ ఉందంటావు. ఉండనీ, చూడు. కానీ రేవులో నిలబడి కొబ్బరిచెట్లు కూడా చూడు. ఆకుల చివర్లు మాత్రమే ఆడుతుంటే ఫర్వాలేదు. మట్టలన్నీ ఒకే పక్కకి దువ్వినట్టు ఒరిగితే పడవ సంచిలోంచి తియ్యకు. సంక్రాంతి రోజుల్లో మన దగ్గర పొద్దున్నే మంచు దట్టంగా పడుతుంది. ఎనిమిదింటికి కూడా అవతలి గట్టు కనపడదు. మంచులో దిగొద్దు. నీకు పంటు కనపడదు, పంటు వాడికి నువ్వు కనపడవు. మంచు విడిచాక తొమ్మిది నుంచి పదకొండు దాకా మంచి సమయం. ఆ తర్వాత సముద్రపు గాలి ఎక్కుతుంది. భోజనాలయ్యాక, కోడిపందేల నుంచి వచ్చాక, "ఒక్క రౌండు వేసొద్దాం" అని మీ బావలు లాగుతారు చూడు, ఆ రౌండు అసలే వద్దు. తాగినవాణ్ణి పడవ ఎక్కించకు, ఎంత దగ్గరి చుట్టమైనా సరే. ఒట్టు వేయించుకోవాలనే ఉంది గానీ నువ్వు పెద్దవాడివయ్యావు.

బయల్దేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లు. చేతుల్లో సత్తువ ఉన్నప్పుడే కష్టపడితే, అలసిపోయాక గాలే నిన్ను రేవుకి తెచ్చి పెడుతుంది. మొదట గాలివాటున హాయిగా సాగిపోయినవాడికి తిరిగి రావడంలో తెలుస్తుంది. ఎంత తెడ్డు వేసినా ఒడ్డున ఉన్న చెట్టు అక్కడే ఉంటుంది.

దీనికి తోడు మన పాయలో పోటూ పాటూ ఉన్నాయి. నువ్వు చిన్నప్పుడు చూసినవే గానీ హైదరాబాదు వెళ్లి మర్చిపోయి ఉంటావు. ఇంచుమించు ఆరు గంటలు పోటు, అంటే సముద్రపు నీళ్లు పాయలోకి ఎక్కడం, ఆరు గంటలు పాటు, అంటే అవి తిరిగి దిగడం. అమావాస్యకీ పున్నమికీ జోరు ఎక్కువ. పాటు లాగుతున్నప్పుడు గాలి కూడా ఉత్తరం నుంచి ఉంటే రెండూ కలిసి నిన్ను ఏరు సముద్రంలో కలిసే ఓడలరేవు మొగ వైపే తీసుకెళ్తాయి. మొగ దగ్గర అలలు విరిగే చోట మరబోట్ల వాళ్లే సమయం చూసుకుని దాటుతారు. నీ బొమ్మ పడవ అటు మొహం కూడా పెట్టకూడదు. బొమ్మ పడవ అన్నానని కోపం తెచ్చుకోకు. ఇది ఎలాంటి నీళ్లకి పనికొస్తుందో, ఎలాంటివాటికి పనికిరాదో దాని డబ్బా మీదే రాసి ఉంటుంది, ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. చదివావా?

దిగేముందు రేవులో చేపలవాళ్లకి ఒక మాట చెప్పు. ఎందరు వెళ్తున్నారో, ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో. సిగ్గుపడకు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకి వెళ్తున్న లాంచీ కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు, నీళ్లలో ఉన్నవాళ్లని ముందు ఒడ్డుకి చేర్చింది ఆ చుట్టుపక్కల గిరిజనులే. ప్రభుత్వ పడవలు వచ్చేసరికి టైము పడుతుంది. ఆ క్షణంలో నిన్ను చూసేది గట్టు మీదివాడే. వాడికి నువ్వు ఏటిలో ఉన్నావని తెలియాలి కదా.

ఇక పిల్లల సంగతి. ఫొటోలో పెద్దోడి నడుముకి ఈత ట్యూబు చూశాను. అది లైఫ్ జాకెట్ కాదు. తలకిందులైతే కాళ్లు పైకి, తల కిందికి పెట్టి ఉంచుతుంది. అసలైన జాకెట్ కొను. బరువును బట్టి సైజు ఉంటుంది, వయసును బట్టి కాదు. లోపల 50 న్యూటన్లు, 100 న్యూటన్లు అని రాసి ఉంటుంది, అది మనిషిని నీళ్లలో తేల్చే బలం. 50ది ఈత వచ్చినవాళ్లకి. పిల్లలకి 100ది, మెడ వెనక కాలర్ ఉన్నది, కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చేది తీసుకో. వేశాక భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లేపు. జాకెట్ చెవుల దాకా లేచి పిల్లాడు కిందే ఉంటే అది వాడికి సరిపోనట్టే. నువ్వూ వేసుకోవాలి. "నాకు ఈత వచ్చు" అనకు. నీకు ఈత నేర్పింది కాలవలో, నేనే. నీకు ఎంత వచ్చో నాకు తెలుసు.

ముగ్గురు పడతారని పలక మీద రాస్తే ఇద్దరు ఎక్కండి. అక్కడ కిలోలు కూడా రాసి ఉంటాయి, అది చూసుకో. మన ఇళ్లలో పండక్కి తిన్నాక బరువు ఎంతుంటుందో వాళ్లకేం తెలుసు? అందరూ మధ్యలో, కింద కూర్చోవాలి. సెల్ఫీకని ఒకే పక్కకి జరగడం, నిలబడటం కుదరదు.

గాలి నింపడం గురించి జాగ్రత్తగా విను, ఎక్కువ పడవలు ఇక్కడే పాడవుతాయి. కారు టైరుకి 30, 32 పాయింట్లు కొట్టిస్తావు. ఇలాంటి పల్చటి పడవకి ఒక పాయింటు కూడా పట్టదు. వరద డ్యూటీల్లో వాడే మందపు గుడ్డ పడవకే మూడు, మూడున్నర. కాబట్టి పెట్రోలు బంకులో గాలి కొట్టించే ఆలోచన ఉంటే మానుకో. క్షణంలో అతుకు దగ్గర విచ్చుకుపోతుంది. దానితో ఇచ్చిన కాలి పంపుతోనే నింపు. పడవలో గాలి పట్టే గదులు వేరువేరుగా ఉంటాయి, ఒక్కో గదినీ ఒకేసారి పూర్తిగా నింపేయకు. అన్నింటినీ సగం దాకా నింపి, తర్వాత ఒక్కొక్కటీ పూర్తి చెయ్యి. ఒకటి బిగిసి పక్కది వదులుగా ఉంటే మధ్య గోడ మీద భారం పడుతుంది. కొన్నింటికి ట్యూబు మీద గీతలు అచ్చువేసి ఉంటాయి, గాలి నిండుతున్నకొద్దీ ఆ గీతల దూరం సాగుతుంది. దాన్ని స్కేలుతో సరిచూసుకోవాలి. బొటనవేలితో నొక్కి "సరిపోయింది" అనే పద్ధతి నాలాంటివాళ్లది. నువ్వు స్కేలే నమ్ము.

ఎండ ఇంకో గొడవ. లోపలి గాలి పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర పాయింటు పెరుగుతుంది. టైరుకి అదో లెక్కలోనిది కాదు. అర పాయింటుతోనే నిండిపోయే పడవకి మాత్రం రెట్టింపు భారం. పూర్తిగా నింపి ఇసుక తిన్నె మీద ఎండలో వదిలేసి టిఫిన్‌కి వస్తే, తిరిగి వెళ్లేసరికి అతుకులు విచ్చుకుని ఉంటాయి. ఒడ్డున పెట్టేటప్పుడు నీడలో పెట్టు, కాస్త గాలి తీసెయ్యి. ఏటిలో దింపాక దీనికి వ్యతిరేకం, చల్లటి నీళ్లకి మెత్తబడుతుంది. పది నిమిషాలు ఒడ్డున తేలనిచ్చి, చూసి, మళ్లీ నాలుగు పంపులు కొట్టి అప్పుడు ఎక్కు. మెత్తటి పడవ మధ్యలో వంగుతుంది, తెడ్డుకి సాగదు.

చిల్లుల విషయంలో మన ఏటికి తనదైన తెలివి ఉంది. తుమ్మ ముళ్లు, వంతెన స్తంభాలకి పట్టిన ఆల్చిప్పలు, పాత వల కట్టిన గుంజలు, ఇప్పుడైతే రేవుల్లో పగిలిన సీసాలు. గాలం వేస్తానంటావేమో, జెల్ల పడిందంటే దాని ముల్లు చాలు. పట్టిన చేపని పడవలోకి వెయ్యకు, బకెట్ ఒకటి ఉంచుకో. ఇసుక మీద పడవని ఈడ్చకు, ఇద్దరు పట్టుకుని మొయ్యండి. 2006 వరదలో లంకలో మనుషుల్ని తెస్తూ ఒక మునిగిన కొబ్బరితోట మీదుగా వచ్చాం. కింద ముళ్లకంచె ఉందని ఎవరికి గుర్తు? బుస్సుమని ఒక పక్క గది పోయింది. పడవలో ఆరుగురం. అరిచి, అందరినీ బాగున్న పక్కకి జరిపి, తెగిన చోట తువ్వాలుతో అదిమిపెట్టి గట్టెక్కాం. పడవకి గదులు వేరువేరుగా ఎందుకు పెడతారో ఆ రోజు తెలిసింది. అది బాగా గట్టి పడవ. నీది కాదు. అందుకే "వరదలొస్తే మనకి పనికొస్తుంది మామయ్యా" అన్నావని మీ అమ్మ చెబితే నాకు ఒళ్లు మండింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చేసరికి పది లక్షల క్యూసెక్కులు కిందకి వస్తుంటాయి. ఆ నీళ్లలో దుంగలూ, చెట్లూ వస్తాయి. నీ పడవ ఇంట్లోనే ఉండాలి.

తిరగబడితే ఏం చేయాలో మొదటి రోజే నేర్చుకోవాలి, రెండో రోజు కాదు. నడుము లోతు నీళ్లలో కావాలనే తిరగెయ్యి. పడవని వదలకూడదు, అదే నీకు పెద్ద ట్యూబు. ఈదుకుంటూ ఒడ్డుకి పోదామన్నవాళ్లే ఎక్కువగా పోతారు. పక్క నుంచి ఎక్కబోతే అది మళ్లీ నీ మీదికే వస్తుంది. వెనక నుంచి, చుట్టూ ఉన్న తాడు పట్టుకుని, కాళ్లు బాగా కొట్టి పొట్ట మీద పాక్కుంటూ ఎక్కాలి. రెండుసార్లు నవ్వులాటగా ఉంటుంది, మూడోసారి వస్తుంది. ఏటి అడుగు చదునుగా ఉందనుకోకు. ఇసుక తవ్విన గుంతలున్నాయి, మోకాలి లోతు పక్కనే మనిషి నిలువు లోతు. కర్రతో చూసుకుంటూ దిగు. మొదటి రోజు ముప్పై మీటర్ల తాడు ఒడ్డున కొబ్బరిచెట్టుకి కట్టి, ఆ తాడు నిడివిలోనే ఆడించు. పిల్లలు గొణుగుతారు, గొణగనీ. ఖాళీ నూనె డబ్బాలో గ్లాసుడు నీళ్లు పోసి, మూత బిగించి, ఇంకో తాడు కట్టి ఒడ్డున ఉన్నవాళ్ల చేతికివ్వు. ఆ నీళ్ల బరువుకి డబ్బా దూరం వెళ్లి పడుతుంది, పడి తేలుతుంది. విజిల్ ఒకటి జాకెట్‌కి కట్టు.

అయ్యాక కడగాలి. వేసవి దాకా మన పాయలో ఉప్పు ఎక్కుతూనే ఉంటుంది, ఉప్పు ఎండితే ఇసుకతో కలిసి అతుకుల్ని కొరుకుతుంది. బోరు నీళ్లు కాకుండా పంచాయతీ కుళాయి నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, మడతల్లో తడి లేదని చేత్తో తడిమి చూసి, టాల్కం పౌడరు చల్లి వదులుగా చుట్టు. ఒకే గీత మీద ప్రతిసారీ మడవకు, అక్కడే పగులుతుంది. అటక మీద పెడితే ఎలుకలు. కలరా ఉండలు వెయ్యకు, వాటికీ ఈ ప్లాస్టిక్‌కీ పడదు. మూత గట్టిగా ఉన్న డ్రమ్ములో పెట్టడమే మేలు. ఇక్కడ నా వడ్ల డ్రమ్ము ఒకటి ఖాళీగానే ఉంది.

గాలి దిగుతోందనిపిస్తే సబ్బు నురగ రాసి చూడు, బుడగ వచ్చిన చోట పెన్నుతో సున్నా చుట్టు. ముందు వాల్వు దగ్గరే చూడు, చాలాసార్లు ఇసుక రేణువే అక్కడ ఇరుక్కుంటుంది. చిల్లయితే గాలంతా తీసి, శుభ్రంగా తుడిచి, ఆరాక, చిల్లుకి అన్ని వైపులా రెండు అంగుళాలు ఉండేలా గుండ్రంగా కత్తిరించిన అతుకు వెయ్యి. మూలలుంటే లేస్తాయి. సైకిలు షాపు సొల్యూషన్ దీనికి పట్టదు, పైపుల జిగురూ ఫెవిక్విక్కూ ఎండి పగులుతాయి. పడవతో వచ్చిన జిగురే వాడు. ఒక రోజంతా బరువు పెట్టి ఉంచాలి. మీ అత్తయ్య సన్నికల్లు ఇస్తుందిలే, అడిగి తీసుకో, అడక్కుండా తీస్తే మాట పడాలి.

భోగి ముందురోజుకి వచ్చేయండి. జాకెట్లు నాలుగు తేవాలి, మూడు కాదు. నాలుగోది నాకు. ముందు కూర్చునేది నేనే.

ఇట్లు
మీ మామయ్య