టెక్ సందేహాలు: ప్రోబ్ వాలితే టెండన్ నల్లబడుతోంది!

ప్రశ్న: ట్యాబ్‌కి కనెక్ట్ చేసుకునే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో భుజం స్కాన్ నేర్చుకుంటున్నాను. సుప్రాస్పైనాటస్ టెండన్ (భుజం పైభాగంలో కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) తెల్లగా వస్తోంది కానీ, ఎముకకు అతుక్కునే చోట నల్లగా ఉంటోంది. ప్రోబ్‌ని కాస్త కదిపితే ఆ నలుపు పోతోంది. ప్రోబ్ పాడైందా?

జవాబు: కదిపితే పోతోంది కాబట్టి ప్రోబ్‌ని అనుమానించక్కర్లేదు. ఇది అనైసోట్రోపీ, అంటే తరంగం తగిలే కోణాన్ని బట్టి టెండన్ తెల్లగానో నల్లగానో కనిపించడం. టెండన్‌లో కొలాజెన్ పోగులు వరుసగా పేర్చినట్టు ఉంటాయి. శబ్ద తరంగం వాటికి లంబంగా తగిలితేనే ప్రతిధ్వని నేరుగా ప్రోబ్‌కి వస్తుంది. అద్దం మీద టార్చి ఏటవాలుగా వేస్తే వెలుగు పక్కకు పోయినట్టు, కోణం కొద్ది డిగ్రీలు తప్పినా ప్రతిధ్వని ఇంకోవైపు వెళ్లిపోతుంది. మీరు చెప్పిన చోట టెండన్ వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడ ఇది మామూలే.

టెన్షన్ పెట్టే విషయం ఒకటుంది. టెండన్ చిరిగినా అలాగే నల్లగా కనిపిస్తుంది. అందుకే ఒక్క ఫ్రేమ్ చూసి చిరుగు అని రాసేయకండి. కోణం సరిచేసినా, నిలువులోనూ అడ్డంలోనూ ఆ నలుపు అలాగే ఉంటేనే దాన్ని నమ్మాలి.

చాలామంది వెంటనే గెయిన్ (బొమ్మ వెలుగు) పెంచుతారు. దానివల్ల బొమ్మంతా తెల్లబడుతుంది, కోణం మాత్రం మారదు. ముందు ప్రోబ్ పట్టిన కోణం మార్చాలి. టెండన్‌ని నిలువుగా చూస్తుంటే ప్రోబ్ ఒక చివర కాస్త నొక్కి, రెండో చివర తేలిక చేయండి. అడ్డంగా చూస్తుంటే ప్రోబ్‌ని ముందుకీ వెనక్కీ నెమ్మదిగా వాల్చండి. జెల్ ధారాళంగా వేస్తే వాల్చినప్పుడు కూడా చర్మంతో పట్టు తప్పదు. ఈ పనికి తరంగాలు సమాంతరంగా వెళ్లే లీనియర్ ప్రోబే మంచిది. కన్వెక్స్ ప్రోబ్‌లో తరంగాలు విసనకర్రలా విచ్చుకుంటాయి కనుక అంచుల్లో కోణం తప్పుతుంది.

ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్. మీ యాప్‌లో స్పేషియల్ కాంపౌండింగ్ ఉంటే ఆన్ చేయండి. అది పలు కోణాల నుంచి తీసిన బొమ్మలను కలుపుతుంది. నలుపు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, కదిలే భాగాలు కాస్త మసకబారతాయి. బీమ్ స్టీరింగ్ (తరంగాలను సాఫ్ట్‌వేర్‌తోనే వాల్చడం) ఉంటే నిలువు బొమ్మలో బాగా పనికొస్తుంది.

ఇదే గుణాన్ని మణికట్టు దగ్గర కావాలనే వాడుకోవచ్చు. ప్రోబ్ వాల్చితే టెండన్లు నల్లబడిపోతాయి, వాటి పక్కనుంచి అరచేతిలోకి వెళ్లే మీడియన్ నరం అంతగా మారదు. రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు ఏది నరమో ఇలా తేలిగ్గా తెలుస్తుంది.