అక్క గాజులు ఎప్పుడు విడిపిస్తావు బాబూ?

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో ఎమ్మెస్ రెండో ఏడాది చదువుతున్నాను. మాది గుంటూరు దగ్గర పల్లె. నాన్న పొలం తనఖా పెట్టి లోను తెచ్చారు, చాలకపోతే అక్క గాజులు కూడా కుదువపెట్టారు. మా క్లాసులోనే చదివే పుణె అమ్మాయి, నేను ప్రేమించుకున్నాం. నాన్నకి కులం పట్టింపు ఎక్కువ. అక్క చెబితేనే వింటారు. అక్కేమో ‘నన్ను ఇందులోకి లాగకు’ అంటోంది. అక్కని ఎలా ఒప్పించాలి? నాన్నకి ఇప్పుడే చెప్పాలా, ఉద్యోగం వచ్చాక చెప్పాలా?

జవాబు: పైన వేసింది నీ ఉత్తరంలో పదో వంతు కూడా ఉండదు బాబూ. మిగతాదంతా ఆ అమ్మాయే. లైబ్రరీలో ఛార్జర్ అడగడం, మౌంట్ వాషింగ్టన్ కొండెక్కే పాత ఇన్‌క్లైన్ బండిలో చలికి ఇద్దరూ ఒకే షాల్ కప్పుకోవడం, పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి ఆమెకి మొదటిసారి మన పులిహోర తినిపించడం. బాగుంది, ఆ వయసులో అలాగే ఉంటుంది, నాకేం అభ్యంతరం లేదు. కానీ అన్ని పేజీల్లో అక్క గాజులకి దక్కింది అర వాక్యం. అది కూడా ‘కుదువపెట్టారు’ అని రాశావు, ఎవరో పక్కింటివాళ్ళు పెట్టినట్టు. పెట్టింది నీ ఫీజుకి.

నీ ప్రశ్నలకి జవాబు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నాన్నకి నువ్వే చెప్పు, ఇప్పుడే చెప్పు. ఉద్యోగం వచ్చాక అంటావు, ఆ తర్వాత ఓపీటీ అని చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఏడాది, స్టెమ్ అంటే సైన్సు, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్ళకి ఇంకో 24 నెలలు, ఆ పైన హెచ్1బీ ఉద్యోగ వీసా లాటరీ. లాటరీ తగిలాక చెబుదాం అనుకుంటే ఆ పిల్ల ఎన్నాళ్ళు కూర్చోవాలి? ఆయన కేకలేస్తారు, నాలుగు నెలలు ఫోన్ ఎత్తకపోవచ్చు. పడు. ప్రేమించింది నువ్వు కదా, తిట్లు మాత్రం అక్క తినాలా?

నన్ను కుదిపింది నీ ప్రేమ కాదు, ఆ ఫోన్ సంగతి. శనివారం రాత్రి పదిన్నరకి, నీకు తీరికయ్యాక, అక్కకి వీడియో కాల్ చేస్తానన్నావు. అప్పుడు ఆమెకి ఆదివారం పొద్దున ఎనిమిది. పెనం మీద దోసె, హాల్లో అత్తగారు, బావగారికి రెండో కాఫీ. అలాంటప్పుడు ‘అక్కా, నాన్నతో మాట్లాడావా’ అని నువ్వు స్పీకర్లో అడుగుతుంటే ‘తర్వాత చేస్తాలేరా’ అని పెట్టేస్తోందట, దానికి నువ్వు ‘పెళ్ళయ్యాక అక్క మారిపోయింది’ అని రాశావు. ఏం మారింది నాయనా? ఆ గాజులు పుట్టింటివాళ్ళు పెట్టినవి. పెళ్ళిళ్ళకీ పేరంటాళ్ళకీ వెళ్ళినప్పుడల్లా ‘గాజులేవమ్మా?’ అని అత్తగారి వైపు వాళ్ళు అడిగితే ఏం చెబుతోందో ఎప్పుడైనా అడిగావా? లాకర్లో ఉన్నాయని చెబుతుండొచ్చు. నీ చదువు కోసం ఏడాదికి పైగా అబద్ధం ఆడుతున్న మనిషిని ఇప్పుడు నీ పెళ్ళి రాయబారానికి పంపుతానంటున్నావు. రేపు నాన్న ఒప్పుకోకపోతే ‘నువ్వే వాణ్ణి వెనకేసుకొచ్చావు’ అని పుట్టింటి గుమ్మం కూడా మూసుకుపోయేది ఆమెకే. నువ్వు పిట్స్‌బర్గ్‌లో ఉంటావు.

ఆడపిల్లకి పెట్టిన బంగారం ఆమె సొంతం, సుప్రీంకోర్టు 1985లోనే ఆ మాట తేల్చి చెప్పింది. తనఖాలో ఉన్న ఆ పొలం తాతల నాటిదైతే అందులోనూ ఆమెకి నీతో సమానంగా వాటా ఉంది, హిందూ వారసత్వ చట్టం 2005 నుంచి చెబుతున్నది అదే. అంటే నీ ఎమ్మెస్‌కి నాన్నే కాదు, అక్క కూడా పెట్టుబడి పెట్టింది. నాన్న అప్పుని మాత్రం కొండంత చేసి, ‘ఆయన రుణం తీరేది కాదు, ఆయన మాట కాదనలేను’ అని రాశావు. ఆయనకి నువ్వు బాకీ ఉన్నది రూపాయలు, గౌరవం. పెళ్ళి ఆ అప్పుకి వడ్డీ కాదు. అక్క బాకీ అయితే తీర్చగలిగిందే, అందుకే అది నీకు కనబడలేదేమో.

క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేస్తున్నానన్నావు, సెలవుల్లో నయాగరా కూడా వెళ్ళొచ్చారట. వెళ్ళండి, వద్దనను. కానీ బంగారం లోను మామూలుగా ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగ రాయించుకోవాలి, లేకపోతే వేలం నోటీసు వస్తుంది. ఏడాది దాటింది, మరి ఆ వడ్డీ ఎవరు కట్టారు? నీ ఉత్తరంలో లేదు. నాన్న కట్టి ఉంటే సరే, అక్కే ఇంటి ఖర్చుల్లో మిగిల్చి కడుతోందేమోనని నా అనుమానం.

ఇంకొకటి, ఈ గాజుల సంగతి ఆ పుణె అమ్మాయికి తెలుసా? తెలియకపోతే నాన్నకంటే ముందు ఆమెకి చెప్పు. అది విని ఆమె ఏమంటుందో, పెళ్ళి గురించి నీకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఈసారి శనివారం రాత్రి ఫోన్ చేయకు. అలారం పెట్టుకుని తెల్లవారుజామున నాలుగున్నరకి లే, అక్కకి అప్పుడు మధ్యాహ్నం రెండు, అన్నాలయ్యి కాస్త నడుం వాల్చే వేళ. వీడియో వద్దు, మామూలు కాల్ చాలు. ఆ అమ్మాయి పేరు ఎత్తకు, నాన్న ఊసు ఎత్తకు. గాజులు ఏ బ్యాంకులో ఉన్నాయి, వడ్డీ కట్టాల్సిన తేదీ ఎప్పుడు, రసీదు ఎవరి దగ్గర ఉంది, ఈ మూడే అడిగి రాసుకో.