శుక్లాల ఆపరేషన్: మధుమేహం ఉన్నవారికి ఏ లెన్స్ మేలు?

మీ నాన్నగారికి పదిహేనేళ్లుగా మధుమేహం ఉందనీ, రాత్రిళ్లు కారు నడుపుతారనీ, ఖరీదైన మల్టీఫోకల్ లెన్స్ వేయించవచ్చా అనీ అడిగారు. ఆ రెండు వివరాలను బట్టి నేనైతే ఒకే దూరానికి చూపునిచ్చే మోనోఫోకల్ లెన్స్ వైపే మొగ్గుతాను. మల్టీఫోకల్ లెన్స్ కంటిలోకి వచ్చే వెలుతురును దూరపు చూపుకూ దగ్గర చూపుకూ పంచుతుంది కాబట్టి కళ్లద్దాల అవసరం చాలావరకు తగ్గుతుంది గాని, ఆ పంపకం వల్లనే కొందరికి రాత్రిపూట ఎదురుగా వచ్చే వాహనాల దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, మసక వెలుతురులో వస్తువులు స్పష్టంగా విడివడి కనిపించవు. మధుమేహంతో రెటీనా (కంటి వెనుక వెలుతురును గ్రహించే పొర) దెబ్బతిని ఉంటే ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. అందుచేత లెన్స్ మాట తేల్చకముందే రెటీనా పొరలను వివరంగా చూపించే ఓసీటీ స్కాన్ చేయించండి.

మోనోఫోకల్‌ను సాధారణంగా దూరపు చూపుకే అమరుస్తారు. పేపరు చదవడానికి అద్దాలు తప్పవు, ఆయనకు అది కొత్త కాదనుకుంటాను. కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శక పొర) కొలతలలో సిలిండర్ పవర్, అంటే దాని వంపులోని తేడా, ఒకటికి మించి తేలితే ఆ తేడాను సరిచేసే టోరిక్ మోనోఫోకల్ గురించి డాక్టరుగారిని అడగండి. అదనపు సొమ్ము పెట్టదలిస్తే అక్కడ పెట్టడమే సబబు. దిగుమతి లెన్సే కావాలన్న పట్టుదల కూడా అక్కరలేదు. మదురైలోని ఆరోల్యాబ్ 1992 నుంచి కంటిలో అమర్చే లెన్సులను తయారుచేస్తోంది.