రెండు ఇన్‌టేక్ పోర్టుల హెడ్‌కు నాలుగు థ్రాటిళ్లు దేనికి?

పాత బండ్లు – పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా 1965 ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇంజిన్ (1798 సీసీ) పూర్తిగా విప్పాం. హెడ్ పోర్టింగ్ (గాలి దారులను చెక్కి సరిచేయడం) అయింది, ఫాస్ట్ రోడ్ క్యామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచే క్యామ్‌షాఫ్ట్) వేస్తున్నాం, 6,000 ఆర్‌పీఎం దాకా తిప్పాలని కోరిక. పాత జంట ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బురేటర్లు తీసేసి వెబర్ 45 డీసీఓఈ (రెండు నోళ్ల కార్బురేటర్) పెట్టమని ఒకరంటే, నాలుగు థ్రాటిల్ బాడీలతో (గాలిని తెరిచి మూసే పలకలున్న గొట్టాలు) ఇంజెక్షన్ చేయించమని ఇంకొకరు అంటున్నారు. ఎక్కువగా మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు, ఎప్పుడైనా బెంగళూరు వెళ్తాం. ఏది మేలు? – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీసి హెడ్ పక్కభాగం చూడండి. గాలి లోపలికి పోయే పోర్టులు రెండే ఉంటాయి: 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4కు ఒకటి. ఎగ్జాస్ట్‌వి మూడు. సిలిండర్‌కొక థ్రాటిల్ అన్న ఆలోచన ఈ ఐదు పోర్టుల హెడ్ దగ్గరే ఆగిపోతుంది. ఎనిమిది పోర్టుల క్రాస్‌ఫ్లో (ఇన్‌టేక్ ఒకవైపు, ఎగ్జాస్ట్ మరోవైపు ఉండే) హెడ్ వేస్తే తప్ప నాలుగు థ్రాటిళ్ల ఖర్చు పెట్టకండి.

వెబర్ స్థానంలో సరిగ్గా కూర్చునే రెండు నోళ్ల థ్రాటిల్ బాడీ దొరుకుతుంది. అయితే దానికీ ఒక చిక్కుంది. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2 కాబట్టి 2 పీల్చిన వెంటనే అదే పోర్టు నుంచి 1 పీలుస్తుంది. అటువైపు 3 తర్వాత 4. ఇంజెక్టర్ చల్లిన పెట్రోలులో ఎక్కువ వాటా ముందు పీల్చే లోపలి సిలిండర్లకు పోయి, బయటి 1, 4 లీన్‌గా (పెట్రోలు తక్కువై) నడుస్తాయి. ఎగ్జాస్ట్‌లోని సెన్సర్ నాలుగింటి సగటే చూపిస్తుంది కాబట్టి మీటరు బాగానే ఉంటుంది, పిస్టన్ మాత్రం కాలుతుంది. ఇలాంటి జంట పోర్టులకు తగినట్టు ఇంజెక్షన్ టైమింగ్ మార్చగల ఈసీయూ (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్), దాన్ని ట్యూన్ చేయడం తెలిసిన మనిషి, రెండూ ఉంటేనే అటు వెళ్లండి. 3 బార్ పంపు, ట్యాంకుకు రిటర్న్ లైను, 36-1 ట్రిగ్గర్ వీలు (క్రాంక్ ఎక్కడుందో ఈసీయూకు చెప్పే పళ్ల చక్రం) కూడా కావాలి. పైగా 1965 బండికి డైనమో, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉండడం) ఉంటాయి. ఆల్టర్నేటర్ పెట్టి నెగటివ్ ఎర్త్‌కు మార్చకుండా ఈసీయూ కలిపితే అది కాలిపోతుంది.

ఇక ఎస్‌యూ, వెబర్ సంగతి. సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే 6,000 దగ్గర మీ ఇంజిన్ నిమిషానికి సుమారు 4,600 లీటర్ల గాలి తాగుతుంది. రోడ్డు మీద తిరిగే బండికి ఆ గాలిని రెండు ఒకటిన్నర అంగుళాల హెచ్‌ఎస్4లు ఇవ్వగలవు. మీ క్యామ్ నిజంగా పైదాకా లాగితే ఒకటి ముప్పావు అంగుళాల హెచ్‌ఎస్6 జంట వేయండి. నోటి వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. ఎస్‌యూలో పిస్టన్ గాలిని బట్టి లేస్తుంది కాబట్టి ఘాట్‌లో మూడో గేరులో 2,000 నుంచి తొక్కినా తడబడదు. వెబర్‌కు చోక్ (గాలి దారిలోని ఇరుకు భాగం) సైజు స్థిరం. అది 4,500 పైన ఉండే ఇంజిన్‌కు తగిన వస్తువు. మీ వాడకానికి మా ఓటు ఎస్‌యూకే.

కానీ అరిగిన ఎస్‌యూతో ఏ పోలికా చేయకండి. థ్రాటిల్ స్పిండిల్‌ను (పలక తిరిగే ఇరుసు) పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కదిలితే అక్కడ దొంగగాలి చొరబడుతోంది, ఎంత సర్దినా ఐడిల్ నిలవదు. బుష్‌లు, స్పిండిల్ మార్చాల్సిందే. పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదిలితే కింద ‘టక్’మని వినిపించాలి. వినిపించకపోతే నీడిల్ జెట్‌కు రాసుకుంటోంది, జెట్‌ను సెంటర్ చేయండి. డాష్‌పాట్‌లో (పిస్టన్ పైనున్న ఆయిల్ గొట్టం) ఎస్ఏఈ 20 ఆయిల్ పోయండి. రెండు నోళ్ల దగ్గరా రబ్బరు గొట్టం పెట్టి వింటూ బుస శబ్దం సమానమయ్యేలా థ్రాటిళ్లు కలపండి. తర్వాత ఐడిల్‌లో పిస్టన్‌ను సుమారు 0.8 మి.మీ. ఎత్తి చూడండి: వేగం పెరిగి అక్కడే ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), వెంటనే పడిపోతే లీన్, కొద్దిగా పెరిగి సర్దుకుంటే సరి.

ఈ ఇంజిన్‌లో కార్బురేటర్లు ఎగ్జాస్ట్ పైనే కూర్చుంటాయి. మన వేసవిలో బండి ఆపిన పది నిమిషాలకు ఫ్లోట్ చాంబర్లో పెట్రోలు మరుగుతుంది. హీట్ షీల్డ్, ఇన్సులేటింగ్ బ్లాకులు పాతవని పారేయకండి.

ప్రశ్న: మా బండికి వెబర్ 45 డీసీఓఈ ఉంది, చోక్ 34, మెయిన్ జెట్ 140. రేణిగుంట రోడ్డులో మెల్లగా, 2,000–2,800 మధ్య పోతుంటే ఎగిరెగిరి పడుతుంది, కార్బురేటర్ నోట్లోంచి ఉమ్ముతుంది. మెయిన్ 150 వేసినా తేడా లేదు. – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అంత తక్కువ థ్రాటిల్‌లో మెయిన్ జెట్ ఇంకా పని మొదలుపెట్టదు. పెట్రోలు ఐడిల్ జెట్ నుంచి ప్రోగ్రెషన్ రంధ్రాల (థ్రాటిల్ పలక పక్కనుండే చిన్న రంధ్రాలు) ద్వారా వస్తుంది. నోట్లోంచి ఉమ్మడం అక్కడి లీన్ వల్లే. మళ్లీ 140 వేసి, ఐడిల్ జెట్ 50ఎఫ్8 ఉంటే 55ఎఫ్8కు మార్చి చూడండి. అంతకుముందు ప్రోగ్రెషన్ రంధ్రాల పైన ఉన్న ఇత్తడి మూత విప్పి టార్చితో చూడండి: ఐడిల్‌లో థ్రాటిల్ పలక అంచు మొదటి రంధ్రాన్ని సరిగ్గా మూస్తూ ఉండాలి. ఐడిల్ స్క్రూ ఎక్కువ తిప్పి ఉంటే పలక ముందే రంధ్రాలు దాటేసి ఉంటుంది, తొక్కినప్పుడు ఇవ్వడానికి ఏమీ మిగలదు. పెట్రోలు ఒత్తిడి 3 పీఎస్ఐ చాలు. కార్బురేటర్ నట్లు బిగదీయకండి. స్ప్రింగ్ వాషర్ చుట్ల మధ్య 0.5 మి.మీ. ఖాళీ లేకపోతే వణుకుకు ఫ్లోట్ చాంబర్లో నురగ వస్తుంది.

ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే వస్తోంది. దానికి సరైన మిశ్రమం (ఏఎఫ్ఆర్, అంటే గాలి–ఇంధన నిష్పత్తి) 14.7 కాదు, సుమారు 13.5. అంటే దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి. జెట్ వ్యాసంలో ఇది నాలుగు శాతమే, కాబట్టి ఐడిల్ జెట్ సర్దాక, పాత పుస్తకం 140 అంటే మీకు 145. మీటరులో ఏఎఫ్ఆర్ అంకె కాకుండా ల్యాంబ్డా (ఏ ఇంధనానికైనా సరైన మిశ్రమం 1 అనే కొలత) చూడండి. పూర్తిగా తొక్కినప్పుడు 0.85–0.88 మధ్య ఉండాలి.

ప్రశ్న: చిత్తూరులో సర్దిన కార్బురేటర్లతో హార్స్లీ హిల్స్ ఎక్కితే నల్లపొగ వస్తోంది. పైన జెట్లు మార్చాలా? – ఒక పాఠకుడు, పుంగనూరు

జవాబు: అక్కర్లేదు. హార్స్లీ హిల్స్ సుమారు 1,265 మీటర్ల ఎత్తు. చిత్తూరుతో పోలిస్తే గాలి దాదాపు తొమ్మిది శాతం పలచన, మిశ్రమం రిచ్ అయ్యేది నాలుగైదు శాతం. ఇంతమాత్రానికి నల్లపొగ కనిపించకూడదు, అంటే కిందే రిచ్‌గా ఉంది. చిత్తూరులోనే సర్దండి. ఆ పనిలోనే థ్రాటిల్ స్పిండిల్‌కు రెండు రిటర్న్ స్ప్రింగులు ఉన్నాయో లేదో చూడండి. దిగేటప్పుడు మలుపులో ఒకటి తెగినా, రెండోది థ్రాటిల్‌ను మూయాలి.