తలుపు పెద్దదే, బరువెందుకు? చెక్కపని ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బట్టల బీరువాకి 8 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు ఉన్న స్లైడింగ్ తలుపులు కావాలి. 25 మి.మీ. ప్లైవుడ్ పెడితే బరువుకి రోలర్లు దెబ్బతింటాయని, మధ్యలో థర్మాకోల్ పెట్టి రెండు వైపులా పల్చటి ప్లై అతికిద్దామని కార్పెంటర్ అంటున్నాడు. నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆలోచన మంచిదే, మెటీరియల్ మార్చమనండి. ప్యాకింగ్‌లో వచ్చే తెల్ల థర్మాకోల్ వేలితో నొక్కితేనే సొట్ట పడుతుంది. మేడ మీద ఎండ వేడి దిగకుండా పరిచే గట్టి ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) ఫోమ్ షీటు, 25 మి.మీ.ది తీసుకోండి. ఘనమీటరుకి 32 కిలోల రకం చాలు.

లెక్క చూడండి. ఈ కొలతకి 25 మి.మీ. ప్లై తలుపు ఒక్కటే 35 కిలోల దాకా తూగుతుంది. 4 మి.మీ. ప్లై రెండు వైపులా 11 కిలోలు, 2 అంగుళాల వెడల్పు చెక్క ఫ్రేమ్ 5, ఫోమ్ కిలోన్నర, గమ్ కిలో, మొత్తం 19 లోపే. పైన సన్‌మైకా వేస్తే ఇంకో 6 కిలోలు కలపండి. సన్‌మైకా కాకుండానే మందం 33 మి.మీ. అవుతుంది కాబట్టి ట్రాక్ కొనేముందే ఆ కొలత చెప్పాలి.

పని చెడేది ఎక్కువగా గమ్ దగ్గరే. సన్‌మైకాకి వాడే రబ్బరు గమ్ ఫోమ్‌కి తగిలిందా, అందులోని సాల్వెంట్ దాన్ని కరిగించేస్తుంది. బయటికి ఏమీ కనబడదు, లోపల మాత్రం గుంటలు పడి ప్లై ఊడిపోతుంది. పాలీయురేథేన్ గమ్ శ్రేష్ఠం. తెల్ల గమ్ (ఫెవికాల్ లాంటి నీటి ఆధారిత గమ్) కూడా పనికొస్తుంది కానీ ఫోమ్ నీటిని పీల్చదు, తడంతా ప్లై వైపు నుంచే ఆరాలి. అందుకని 24 గంటలు బరువు కింద ఉంచాల్సిందే.

ఫ్రేమ్, ఫోమ్ ఒకే మందంలో ఉండాలి. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా మెరిసే సన్‌మైకా మీద లైటు పడగానే ఫ్రేమ్ గీతలు తేలతాయి. పచ్చి చెక్క వాడినా ఇదే గతి, అది ఆరి కుంచించుకుపోతుంది. హ్యాండిల్, తాళం, రోలర్లు వచ్చే చోట ఫోమ్ తీసి గట్టి చెక్క దిమ్మలు పెట్టించండి. ఎక్కడ పెట్టారో ప్లై మూయకముందే అంచు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి, తర్వాత వెతికితే దొరకవు. ఇక సన్‌మైకా ఒకవైపే వేసి రెండోవైపు పెయింటుతో సరిపెడదామంటే ఒప్పుకోకండి. వానాకాలం వచ్చేసరికి తలుపు విల్లులా వంగుతుంది.

ప్రశ్న: తలుపు మధ్యలో ఫోమ్ బదులు తేనెపట్టు గళ్ళలా ఉండే కాగితం హనీకోంబ్ వాడొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పడకగది తలుపులకి చక్కగా సరిపోతుంది, తెల్ల గమ్‌తోనే అతుకుతుంది. సింకు కింద, బాత్రూమ్ పక్కన మాత్రం వద్దు, నీరు చేరితే కాగితం మెత్తబడుతుంది. కొన్నాక గళ్ళు పూర్తిగా సాగదీసి ఫ్రేమ్‌కి పిన్ను కొట్టాలి. ముడుచుకుని ఉంటే మధ్యలో ఖాళీ మిగిలి, ప్లై లోపలికి దిగుతుంది.

ప్రశ్న: టైలరింగ్ కటింగ్‌కి 8×4 అడుగుల బల్ల కావాలి. ఇద్దరు మోయగలిగేంత తేలిగ్గా ఉండాలి, మధ్యలో కుంగకూడదు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: దీనికి ఫోమ్ వద్దు. ఎప్పుడూ బరువు మోసే బల్లలో అది నెమ్మదిగా సాగుతుంది. 9 మి.మీ. ప్లైని 2 అంగుళాల పట్టీలుగా కోసి, పొడవునా 5, అడ్డంగా 9 వచ్చేలా అడుగు దూరంలో గళ్ళు కట్టండి. కలిసే చోట ప్రతి పట్టీకి సగం ఎత్తు గాడి కొడితే ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. పైనా కిందా 6 మి.మీ. ప్లై తెల్ల గమ్‌తో అతికించాలి. మొత్తం 30 కిలోలు తూగుతుంది. మామూలు 18 మి.మీ. ప్లై షీటే 35 వరకూ ఉంటుంది, పైగా కుంగుతుంది.

అతికేటప్పుడు కింద నేల ఎలా ఉంటే బల్ల అలాగే బిగుసుకుంటుంది, తర్వాత సరిచేయలేరు. గళ్ళ చట్రాన్ని నేల మీద పెట్టి, దాని మీద మూల నుంచి మూలకి ఐమూలగా రెండు దారాలు బిగించండి. మధ్యలో రెండూ ఒరుసుకోవాలి. పై దారాన్ని కిందికి మార్చి మళ్ళీ చూడండి. ఏ ఒక్కసారి ఎడం కనబడినా ఏదో మూల ఎత్తుంది, చీలిక పెట్టి సరిచేశాకే గమ్ డబ్బా తెరవాలి.