చీనీలో బంక తెగులు: కార్బెండజిమ్ ఎందుకు పట్టడం లేదు?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల మండలం. మూడెకరాల చీనీ (బత్తాయి) తోటలో చెట్ల మొదళ్ళ దగ్గర బంక కారుతోంది, ఆకులు పసుపు తిరుగుతున్నాయి. కార్బెండజిమ్ పాదుల్లో రెండుసార్లు పోశాను, రెండోసారి మోతాదు పెంచాను. తగ్గలేదు. వేరుశనగ తిక్క ఆకుమచ్చకు ఇదే మందు ఒకప్పుడు బాగా పట్టేది, ఇప్పుడు అక్కడా పట్టడం లేదు. కల్తీ మందా?

జవాబు: కల్తీ అనుమానముంటే బిల్లు, డబ్బా మీది బ్యాచ్ నంబరు మీ మండల వ్యవసాయాధికారికి చూపించండి, నమూనా తీసి పరీక్షకు పంపుతారు. అయితే మీరు చెప్పిన రెండు చోట్లా అసలైన మందు వాడినా ఇలాగే జరగవచ్చు. కారణాలు మాత్రం వేరు.

ముందు శిలీంధ్రాలను చంపే ఈ మందు ఏం చేస్తుందో చూడండి. శిలీంధ్రం సన్నని పోగులుగా పెరుగుతుంది. పోగు లోపల జొన్న దంటు కణుపుల్లా అడ్డగోడలుంటాయి, ఆ గోడల మధ్యలో చిన్న రంధ్రం. గోడ ఎక్కడ పడితే అక్కడ లేవదు. కేంద్రకం రెండుగా చీలిన తర్వాతే, ఆ కేంద్రకాలున్న చోటును బట్టి లేస్తుంది. వేరుశనగలో మొదలుకుళ్ళు తెచ్చే నల్లబూజుకు దాయాది అయిన ఆస్పర్‌జిల్లస్ నిడులన్స్ అనే బూజులో ఇదంతా బాగా తేల్చారు. దాని బీజం మొలిచాక కేంద్రకం ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అయ్యేదాకా ఆగి, సుమారుగా అప్పుడు మొదటి గోడ కడుతుంది. 1970ల్లో రాన్ మోరిస్ అనే శాస్త్రవేత్త, వేడి పెంచితే లోపం బయటపడే రకాలను ఈ బూజులో ఏరి పట్టారు. కొన్నిటిలో కేంద్రకం చీలదు, వాటిలో గోడా లేవదు. ఇంకొన్నిటిలో కేంద్రకాలు చీలుతూనే ఉంటాయి, గోడ మాత్రం పడదు. అంటే ఈ రెండు పనులనూ నడిపే జన్యువులు వేరువేరు, కాని రెండోది మొదటిదాని కోసం కాచుకుని ఉంటుంది.

కార్బెండజిమ్ దెబ్బ కొట్టేది మొదటి పనిని. కేంద్రకం చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే సన్నని దారాలు ట్యూబులిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతాయి. మందు వెళ్ళి అందులో ఒక రకమైన బీటా ట్యూబులిన్‌కు అతుక్కుంటుంది. దారాలు కుదురుకోవు, విభజన ఆగిపోతుంది. ఆ ప్రొటీన్‌ను ఇచ్చే జన్యువు బెన్-ఏ అని 1978లో ఇదే బూజులో రుజువైంది.

వేరుశనగ సంగతికి వస్తే, బీటా ట్యూబులిన్‌లో 198వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందుకు పట్టు దొరకదు. ఏటా అదే మందు కొడుతూ పోతే మామూలు శిలీంధ్రం చచ్చి, ఈ మారినదే మిగిలి పొలమంతా పరుచుకుంటుంది. అమెరికాలోని అలబామా వేరుశనగ పొలాల్లో ఇది 1970ల్లోనే కనబడింది. అక్కడ వాడిన బెనోమిల్ విచ్ఛిన్నమైతే వచ్చేది మన కార్బెండజిమే. ఇలాంటి చోట మోతాదు రెట్టింపు చేయడం డబ్బు దండగ. ఎకరాకు 200 లీటర్ల నీటిలో టెబుకొనజోల్ 200 మి.లీ. గాని, క్లోరోథలోనిల్ 400 గ్రా. గాని కొట్టండి. రెండోసారి అవసరమైతే మందు మార్చండి.

చీనీ కథ వేరు. బంక తెగులు తెచ్చే ఫైటోఫ్తోరా చూడ్డానికి బూజులాగే ఉంటుంది గాని అసలైన శిలీంధ్రం కాదు, నాచు జాతులకు దగ్గరి చుట్టం. మైక్రోస్కోపు కింద దాని లేత పోగుల్లో అడ్డగోడలు దాదాపు కనబడవు. ఈ తెగులును గుర్తించేటప్పుడు మేము ముందు చూసేదీ అదే. అయితే మందు పట్టకపోవడానికి కారణం గోడలు లేకపోవడం కాదు. దాని ట్యూబులిన్‌కు కార్బెండజిమ్ సరిగా అతకదు. మీ మందు మొదటి రోజు నుంచీ దానికి తగిలి ఉండదు.

దీని బలమంతా నీళ్ళలో ఉంది. తడిలో ఈదే బీజాలను వదులుతుంది, అవి వేర్లను, మొదలును వెతుక్కుంటూ వస్తాయి. పాదుల్లో నీళ్ళు మొదలుకు తగిలేలా కడుతుంటే ఏ మందు పోసినా తెగులు మళ్ళీ వస్తుంది. అందుకే మొదలు చుట్టూ మట్టి ఎగదోసి చిన్న కట్ట వేసి, బయట ఇంకో కట్ట వేసి, రెండింటి మధ్యనే నీళ్ళు పారించండి. లోపలి కట్ట మట్టి కాండానికి, అంటు కట్టిన చోటుకు ఆనకూడదు. డ్రిప్పు ఉంటే డ్రిప్పర్లను కాండానికి దూరం జరపండి. సేద్యం చేసేటప్పుడు వేర్లు తెగితే అదే దానికి దారి, చెట్టు కింద లోతుగా దున్నవద్దు.

బంక కారే చోట పాడైన బెరడును పదునైన కత్తితో గీకేసి, ఆ ముక్కలను తోటలో పారేయకుండా కాల్చండి. కిలో మైలతుత్తం, కిలో సున్నం ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా ఐదేసి లీటర్ల నీళ్ళలో కరిగించి కలిపి, ఆ బోర్డో పేస్టును మొదలు నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు పూయండి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రా. చొప్పున వేర్లున్న మేర తడిసేలా పోయండి. దీన్నీ పదేపదే వాడితే వేరుశనగలో అయినట్టే అవుతుంది. ఆకుల మీద ఫోసెటైల్ అల్యూమినియం లీటరుకు 2.5 గ్రా. కొట్టవచ్చు, రాగి మందులతో మాత్రం కలపకండి.

కొత్తగా నాటే చోట రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లు తెచ్చుకోండి. అంటు కట్టడానికి వాడే జంబేరి నిమ్మ కంటే అది ఈ తెగులును బాగా ఓర్చుకుంటుంది.

బంక లేకుండా కాయలు చెట్టుకు వేలాడుతుండగానే చెట్టు హఠాత్తుగా ఎండిపోతే అది ఫ్యూజేరియం లాంటి శిలీంధ్రాల వల్ల వచ్చే ఎండు వేరుకుళ్ళు కావచ్చు. అక్కడ కార్బెండజిమ్‌కు పని ఉంది. తేడా తెలియకపోతే పూర్తిగా చచ్చిన చెట్టు వేర్లు కాకుండా, ఇప్పుడిప్పుడే పసుపు తిరుగుతున్న చెట్టు పిల్లవేర్లను వాటి చుట్టూ ఉన్న తడి మట్టితో సహా కవర్లో వేసి, ఎండ తగలకుండా అదే రోజు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళి చూపించండి.